వెంట్రుకవాసి సందు: పాత మోటారు సైకిలు ఇంజను బాగుచేత

మన ఊళ్ళలో గొడ్లచావిళ్ళ మూలల్లోనూ, పెరటి పంచల కిందా పాత మోటారు సైకిళ్ళు అక్కడక్కడా కనిపిస్తూ ఉంటాయి. ఒకప్పుడు ఇంటి పెద్ద ఎక్కి తిరిగిన బండి. ఆయన తరువాత ఎక్కేవారు లేక, అమ్మడానికి మనసొప్పక, మీద గోనెపట్టా కప్పి వదిలేసి ఉంటారు. పదేళ్ళో ఇరవై ఏళ్ళో గడిచాక ఎవరికో దాన్ని మళ్ళీ నడపాలని బుద్ధి పుడుతుంది. కిక్కు మీద కాలు వేస్తే అది కదలదు. అప్పుడు వచ్చే సలహాలు రెండు రకాలు. "లోపలి సామానంతా తీసి కొత్తది వేద్దాం" అనేది ఒకటి. "కాస్త నూనె పోసి తోస్తే అదే అందుకుంటుంది" అనేది రెండోది. రెండూ కొలవకుండా చెప్పే మాటలే. ఏ భాగం అరిగింది, ఎక్కడ అరిగింది, ఎంత అరిగింది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తేగాని దేన్ని ఉంచుకోవాలో, దేన్ని మార్చాలో తేలదు. ఆ జవాబులు రాబట్టడానికి కావలసిన శాస్త్రం మాత్రం ఉన్నత పాఠశాల పుస్తకాలలో ఉన్నదే.

ఉదాహరణకు మా పెదనాన్నగారి బుల్లెట్టును తీసుకుంటాను. ఇంగ్లండులో రెడిచ్ పట్టణంలో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మన దేశంలో తయారు కావడం 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థతో మొదలైంది. మొదట ఇంగ్లండు నుంచి భాగాలు తెప్పించి ఇక్కడ కూర్చేవారు. తరువాత అన్నీ ఇక్కడే చేయసాగారు. పోత ఇనుప సిలిండరు గల ఆ పాత తరహా ఇంజను 2010 ప్రాంతం దాకా పెద్ద మార్పులు లేకుండా తయారవుతూ వచ్చింది. అందువల్ల దాని విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. బాగుచేత నేర్చుకోదలచిన వారికి ఇంతకంటె మంచి ఇంజను నాకు తెలియదు.

నాలుగు ఘాతాల ఇంజను పనిచేసే తీరు విద్యార్థులు చదివిందే గనుక ఇక్కడ తిరిగి చెప్పను. ఈ ఇంజనులో సిలిండరు ఒక్కటే. దాని లోపలి వ్యాసం 70 మి.మీ.; పిస్టను (పాఠ్యపుస్తకాలలో ముషలకం) కిందికీ మీదికీ కదిలే దూరం 90 మి.మీ. స్తూపం ఘనపరిమాణం కట్టే సూత్రంలో ఈ రెండు అంకెలూ వేసి చూడండి. 346 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. "350 బుల్లెట్టు" అనడం దాన్ని గుండుగా చెప్పడమే. సిలిండరు పోత ఇనుము. పిస్టనూ, సిలిండరు తలా, కింద క్రాంకును పట్టి ఉంచే పెట్టె అల్యూమినియం మిశ్రలోహాలు. క్రాంకూ, బేరింగులూ, పిన్నులూ ఉక్కు. మూడు లోహాలు మూడు తీరుల్లో వ్యాకోచిస్తాయి. ఈ మాట గుర్తుంచుకుంటే ముందు రాబోయే కథంతా సులభంగా బోధపడుతుంది.

బిగిసిన పిస్టను

బండి గొడ్లచావిట్లో ఇరవై రెండేళ్ళు ఉంది. సిలిండరు తల విప్పి చూస్తే పిస్టను సగం దూరంలో నిలిచి ఉంది. దాని చుట్టూ గోడమీద ఎర్రని తుప్పు కట్టింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందు మొదలే చిన్నది, అందులో తుప్పు ఉబ్బితే మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది.

ఇక్కడ సుత్తి తీసుకున్నవాడు పిస్టనును పోగొట్టుకుంటాడు. కిరసనాయిలూ డీజిలూ కలిపి పిస్టను మీద పోసి వదిలేయాలి. ఇంకిపోతే మళ్ళీ పోయాలి. వేడి చేస్తే వదులుతుందని కొందరు అంటారు. ఆలోచించి చూస్తే లోపల ఉన్న అల్యూమినియమే బయటి ఇనుముకంటె ఎక్కువ వ్యాకోచిస్తుంది గనుక వేడిలో పట్టు ఇంకా బిగియాలి. అయినా ఆ సలహాలో కొంత పస ఉంది. కాచి చల్లార్చడం నాలుగైదుసార్లు చేస్తే రెండు లోహాలూ వేరువేరు కొలతల్లో పెరిగి తగ్గి తుప్పు పొరను పగలగొడతాయి. చల్లారేటప్పుడు నూనె ఆ పగుళ్ళలోకి దిగుతుంది. మేము సిలిండరుకు మరిగే నీళ్ళు పోస్తూ, చల్లారనిస్తూ వచ్చాం. తొమ్మిదో రోజున పిస్టను మీద కొయ్యదిమ్మె పెట్టి అరచేతితో గట్టిగా చరిస్తే అది కదిలింది.

విప్పిన ప్రతి భాగాన్నీ కడిగి, ఏ పక్కన ఏది ఉండేదో కాగితం చీటీ కట్టి పెట్టుకోవాలి. విసుగు పని. అయినా చీటీ కట్టని సామానును రెండు నెలల తరువాత ఏ మెకానిక్కూ గుర్తుపట్టలేడు.

అరుగుదలను కొలవడం

సిలిండరు లోపలి వ్యాసాన్ని కొలవడానికి లేతు షాపులలో డయలు గేజి ఉంటుంది. బడిలో ఉండే స్క్రూ గేజి సాధారణంగా 25 మి.మీ. దాకానే పలుకుతుంది, వెర్నియరు పదో వంతు మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. ఐనా ఒక పాత పిస్టను రింగూ, ఫీలరు గేజీ ఉంటే చాలు, అరుగుదల తెలుసుకోవచ్చు. ఫీలరు గేజి అంటే తెలిసిన మందాలు గల ఉక్కు రేకుల కట్ట. ఈ ఉపాయం తరగతిలో చేసి చూపదగినది గనుక వివరంగా చెబుతాను.

పిస్టను రింగు పూర్తి వలయం కాదు. ఒకచోట తెగి ఉంటుంది. దాన్ని సిలిండరులో పెట్టి, పిస్టను తలతో నెట్టి సమంగా నిలిపితే తెగిన కొసల మధ్య కొద్ది ఎడం మిగులుతుంది. సిలిండరు అడుగున రింగులు ఎన్నడూ చేరని భాగం ఉంటుంది. అక్కడ గోడ అరగదు. ముందు అక్కడ ఎడం కొలవాలి. తరువాత రింగును పైకి తీసుకువచ్చి, ఎక్కువగా అరిగేచోట మళ్ళీ కొలవాలి. వ్యాసం పెరిగితే పరిధి పెరుగుతుంది; రింగు పొడవు మారదు గనుక పరిధిలో పెరిగినదంతా ఎడంగా కనిపిస్తుంది. పరిధి వ్యాసానికి 3.14 రెట్లు కదా. కాబట్టి రెండు ఎడాల తేడాను 3.14 చేత భాగిస్తే వ్యాసంలో అరుగుదల వస్తుంది.

మా సిలిండరులో అడుగున ఎడం 0.42 మి.మీ., పైన 1.07 మి.మీ. వచ్చాయి. తేడా 0.65. దాన్ని 3.14 చేత భాగిస్తే 0.2 మి.మీ. పైచిలుకు. చూశారా, కంటికి కనిపించని అరుగుదలను ప్రకృతే మూడు రెట్లకు మించి పెంచి చూపిస్తున్నది! ఐతే ఒక లోపం ఉంది. సిలిండరు గుండ్రంగా అరగక కోలగా అరిగితే ఈ పద్ధతి సగటునే చెబుతుంది. ఆ కోలతనాన్ని చూడటానికి డయలు గేజి తప్పదు.

అసలు గోడ పైభాగమే ఎందుకు ఎక్కువ అరగాలి? పిస్టను నడుమ భాగంలో వేగంగా పోతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేళ దాని సగటు వేగం సెకనుకు 9 మీటర్లు. అంత వేగంలో రింగు నూనె మీద తేలిపోతుంది. లోహానికి లోహం తగలదు. కాని పై కొసకు వచ్చినప్పుడల్లా పిస్టను ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరగాలి. ఆగినచోట నూనె పొర నిలవదు. సరిగ్గా ఆ సమయానికే ఇంధనం మండి, ఆ వాయువుల పీడనం రింగు వెనక్కి చేరి దాన్ని గోడకు అదిమిపెడుతుంది. వేడికి నూనె కూడా పలచబడుతుంది. మూడు కష్టాలూ ఒక్కచోటే కూడాయి గనుక గోడకు అక్కడ ఒక మెట్టు ఏర్పడుతుంది. వేలు పెట్టి చూస్తే గోటికి తగులుతుంది. పాత గోడలో కొత్త రింగులు వేసి ఊరుకుంటే ఆ మెట్టుకు తగిలి విరిగే ప్రమాదం ఉంది. "రింగులు మార్చితే చాలు" అనేవారు ఈ మెట్టు మీద వేలు పెట్టి ఉండరు.

ఎంత తీయాలి? ఎంత సందు ఉంచాలి?

0.2 మి.మీ. అరిగిన సిలిండరును బోరు చేయించక తప్పదు. అనగా లోపలి గోడను కొంచెం పెద్దదిగా, గుండ్రంగా మళ్ళీ కోసి, దానికి తగిన పెద్ద పిస్టను వేయడం. పెద్ద పిస్టన్లు అంగుళంలో వెయ్యింట 20, 40, 60 వంతుల పెంపుతో దొరుకుతాయి; ఒక్కొక్క మెట్టు ఇంచుమించు అర మిల్లీమీటరు. మా పిస్టను నెత్తిన పెంపు అంకె ఏదీ లేదు. అంటే సిలిండరు ఎన్నడూ బోరు ఎక్కలేదన్నమాట. మొదటి మెట్టులో గోడ నుంచి ప్రతి పక్కా పావు మిల్లీమీటరు పోతుంది. అరుగుదలా, తుప్పు తిన్న గుంటలూ అందులోనే మాయం కావాలి. కాకపోతే రెండో మెట్టుకు పోవలసి వస్తుంది. సిలిండరుకు ఉన్నవి మూడే మెట్లు. ఒక్కొక్కటీ దాని ఆయుర్దాయంలో ఒక భాగం. అందుకని "ఎలాగూ చేస్తున్నాం, ఒకేసారి పెద్దది వేద్దాం" అనే మాట వినకూడదు. మా అదృష్టంకొద్దీ ఆఖరి కోతలో గుంటలు పోయినాయి.

ఇక పిస్టనుకూ గోడకూ మధ్య సందు. లేతు షాపు ఆయన "ఎంత ఉంచమంటారు?" అని అడిగాడు. బిగువుగా ఉంటేనే ఇంజను గట్టిగా ఉంటుందని అనుకుని "0.04 మి.మీ. చాలు" అన్నాను. ఆయన సందేహంగా చూశాడు గాని, అడిగినట్టే చేసి ఇచ్చాడు. పిస్టనుతో వచ్చిన కాగితం మీది అంకెను నేను చదవలేదు. తప్పు నాదే.

ఇంజను కూర్చాము. మొదటి కిక్కుల్లోనే అందుకుంది. వారం తరువాత, వేసవిలో, గుంటూరు నుంచి మంగళగిరి వెళ్ళే దారిలో పదిహేను కిలోమీటర్లు పోయేసరికి ఇంజను గొంతు బొంగురుపోయింది. ఎవరో బ్రేకు నొక్కినట్టు బండి బరువెక్కింది. క్లచ్చు పట్టుకునే లోపలే వెనుక చక్రం కీచుమని ఈడ్చుకుపోయింది. కిందపడకపోవడం నా గొప్ప కాదు. వేగం తక్కువగా ఉంది, అంతే. చెట్టు నీడన పది నిమిషాలు ఆగి కిక్కు తొక్కితే ఇంజను ఏమీ ఎరగనట్టు తిరిగింది.

ఎందుకిట్లా జరిగిందో లెక్క వేసి చూద్దాం. పిస్టను మిశ్రలోహం ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 20 వంతులు పెరుగుతుంది. పోత ఇనుము 11 వంతులు. పిస్టను నడుమూ, సిలిండరు గోడా రెండూ 120 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కాయనుకోండి. 70 మి.మీ. వ్యాసం మీద పిస్టను 0.168 మి.మీ. పెరుగుతుంది, సిలిండరు 0.092 మి.మీ. పెరుగుతుంది. తేడా 0.076. నేను ఉంచిన సందు 0.04! నూనెకు కాదుగదా, గాలికైనా చోటు లేదు. పది నిమిషాలలో విడిపోవడానికీ కారణం ఇదే: చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోయేది కూడా అల్యూమినియమే. మనిషి వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. ఉంటుంది. "వెంట్రుకవాసిలో తప్పింది" అని మనం మాటవరసకు అంటూ ఉంటాం. ఇంజను విషయంలో అది కొలిచి చెప్పిన మాటే.

పిస్టను తల ఇంతకంటె చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే తయారీలోనే తలవైపు సన్నగా, కిందివైపు లావుగా చేస్తారు. పైగా పిన్ను దిశలో లోహం ఎక్కువ గనుక ఆ దిశలో కొంచెం తగ్గించి కోలగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు వంకరగా ఉండి, వేడిలో గుండ్రం తిరిగే వస్తువు అది. కాబట్టి సందును ఎక్కడపడితే అక్కడ కొలిస్తే లాభం లేదు. పిన్నుకు అడ్డంగా, పిస్టను కిందిభాగంలో కొలవాలి.

ఇంజను మళ్ళీ విప్పాము. పిస్టను రెండు పక్కలా నిలువు గీతలు, సిలిండరు గోడకు అంటుకున్న అల్యూమినియం చారలు కనిపించాయి. ఆ చారలను గీకితే గోడ పాడవుతుంది. ఇక్కడ రసాయన శాస్త్రం ఆదుకుంది. అల్యూమినియం కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగిపోతుంది, ఇనుము కరగదు. గుడ్డ చుట్టిన పుల్లతో చారల మీద మాత్రమే ద్రావణం అద్దితే బుడగలు లేచి అల్యూమినియం పోయింది. ఆ బుడగలు హైడ్రోజను వాయువు. దగ్గర నిప్పు ఉండరాదు. ద్రావణం చర్మానికీ కంటికీ ప్రమాదం గనుక రబ్బరు తొడుగులూ కళ్ళద్దాలూ లేకుండా ఎవరూ ఈ పని చేయరాదు. విద్యార్థులైతే ఉపాధ్యాయుని ఎదుట మాత్రమే చేయాలి. తరువాత ఎంతో నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాశాము. లేకుంటే కడిగిన ఇనుము గంటలో ఎర్రబడుతుంది. మళ్ళీ లేతు షాపుకు పోయి, సాన రాళ్ళతో గోడను రుద్దించి సందు 0.09 మి.మీ. చేయించాము. ఈ రుద్దుడును హోనింగు అంటారు. అది గోడమీద ఏటవాలుగా సన్నని గీతల వల వదులుతుంది. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. గోడ అద్దంలా మెరిస్తే చూడటానికి బాగుంటుందేగాని నూనె నిలవదు.

కొత్త రింగు కొసల మధ్య ఎడం కూడా ఇదే లెక్క. వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కు 0.1 మి.మీ. చొప్పున 0.28 మి.మీ. ఉంచాము. ఎడం లేకుండా వేస్తే వేడికి కొసలు ఢీకొని రింగు గోడను చీరుతుంది.

వేడితో కూర్చడం

ఇంతదాకా వేడి మనకు శత్రువు. క్రాంకు పెట్టెలో బేరింగులు కూర్చేటప్పుడు అదే మిత్రుడు. బేరింగు తన గూటిలో కదలకుండా ఉండాలంటే గూడు బేరింగుకంటె కొద్దిగా చిన్నదిగా ఉండాలి. అటువంటి దానిని సుత్తితో కొట్టి దించితే మెత్తని అల్యూమినియం చెక్కుకుపోతుంది. బేరింగులో గుండ్లకు నొక్కులు పడతాయి. పెట్టెను వేడి చేస్తే గూడు తానే తెరుచుకుంటుంది. గూడు వ్యాసం 62 మి.మీ. అనుకుందాం. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడి చేస్తే అల్యూమినియం గూడు 0.11 మి.మీ. పెద్దదవుతుంది. బిగువుకు విడిచిన తేడా దానిలో సగం కూడా ఉండదు. చల్లని బేరింగు తన బరువుతోనే కిందికి జారి కూర్చుంటుంది. పెట్టె చల్లారగానే దాన్ని ఎవరూ కదల్చలేరు.

మంట దీపంతో ఒకేచోట కాల్చరాదు. ఒక పక్కనే వ్యాకోచించి పెట్టె వంకర పోతుంది. మేము పెట్టెను జిడ్డు లేకుండా కడిగి ఒక బేకరీకి తీసుకుపోయాము. రొట్టెలు తీసిన తరువాత, చల్లారుతున్న పొయ్యిలో గంటసేపు ఉంచనిచ్చారు. ఒక నీటి బొట్టు వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి, అదే గుర్తు. బేరింగును అంతకు ముందు శీతల యంత్రంలో పెట్టాము. తేమ పట్టకుండా ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి పెట్టడం అవసరం. గూటిలో వేయడానికి అర నిమిషంకంటె పట్టలేదు. ఆ చప్పుడు, చెంబులో రూపాయి వేసినట్టు, వినవలసిందే.

పిస్టను పిన్నుకూ ఇదే తంత్రం. పిస్టనును వేడినీళ్ళలో ముంచి తీస్తే చాలు. పిన్ను బొటనవేలితో తోస్తే జారుతుంది.

ఈ ఇంజనులో కనెక్టింగు రాడ్డు పెద్ద కన్ను దగ్గర గుండ్ల బేరింగు బదులు తేలియాడే బుష్షు ఉంటుంది. అది క్రాంకు పిన్నుకూ అతకదు, రాడ్డుకూ అతకదు. రెంటి మధ్య తానూ తిరుగుతుంది. అందువల్ల ఒక్కొక్క తలం మీద రాపిడి వేగం తగ్గుతుంది. తెలివైన ఏర్పాటే. ఐతే దాని ప్రాణమంతా శుభ్రమైన నూనెలో ఉంది. రాడ్డు పక్కలకు కొంచెం ఊగితే ఫరవాలేదు. పిస్టను కదిలే దిశలో పైకీ కిందికీ ఆడితే మాత్రం బుష్షు మార్చాలి. మాది ఆడలేదు. ఉంచేశాము. నూనె నిలవ ఉండే గది కూడా క్రాంకు పెట్టెలోనే పోతపోసి ఉంటుంది. దాని అడుగున చేరిన నల్లని మడ్డిని గీకి తీయడానికి ఒక పూట పట్టింది.

కవాటాల విషయం క్లుప్తంగా చెబుతాను. కవాటం అంచుకూ, అది కూర్చునే పీటకూ మధ్య రుద్దుడు పేస్టు రాసి, అటూ ఇటూ తిప్పుతూ రుద్దితే చుట్టూ ఒక బూడిదరంగు పట్టీ ఏర్పడుతుంది. ఎక్కడా తెగకుండా ఉంటే సరిపోయినట్టు. కవాటం మూసి, వెనుకనున్న దారిలో కిరసనాయిలు పోసి చూడాలి. పది నిమిషాలలో చెమ్మ దిగకూడదు. పాత రోజుల పెట్రోలులో సీసపు సమ్మేళనం ఉండేది. అది విషమే గాని, కవాటం పీటలు అరగకుండా కాపాడేది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. కనుక పాత ఇంజనుల్లో, ముఖ్యంగా పొగ వెళ్ళే కవాటం పీటను, అప్పుడప్పుడు చూసుకోవాలి. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఆల్కహాలు కలుస్తున్నది. అది నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును చెడగొడుతుంది. కార్బురేటరులో పాత రబ్బరు ముక్కలన్నీ మార్చి, బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు టాంకీ ఖాళీ చేయడం మేలు.

తల బిగించేటప్పుడు నట్లను వరుసగా కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కనే బిగిస్తే తల ఒరిగి, రెండో పక్క వాయువు కారుతుంది. బోల్టు కూడా ఒక స్ప్రింగే. బిగించినప్పుడు కొద్దిగా సాగుతుంది. ఆ సాగిన బలమే తలను అదిమి ఉంచుతుంది. పొడవాటి పానాతో బలం కొద్దీ తిప్పితే సాగడం దాటి తెగుతుంది. అల్యూమినియంలో మరలైతే ముందే ఊడి వస్తాయి. ఎంత బలమో కొలిచే పానా దొరికితే దానితో చేయడమే న్యాయం.

రెండోసారి కూర్చిన తరువాత మొదటి 800 కిలోమీటర్లు గంటకు 50 దాటకుండా నడిపాము. 300 దగ్గర ఒకసారి నూనె దించి చూస్తే వెండిపొడిలా మెరుస్తూ వచ్చింది. కొత్త గోడమీది గీతల కొనలు రాలిన పొడి అది. 800 దగ్గర దించినప్పుడు మెరుపు చాలావరకు తగ్గింది. ఇప్పుడు పెదనాన్నగారి మనుమడు ఆ బండి మీద కాలేజీకి పోతున్నాడు. తీసేసిన పాత పిస్టనునూ, రింగునూ మా ఊరి ఉన్నత పాఠశాల ప్రయోగశాలకు ఇచ్చాము. పిస్టను తల దగ్గరా, కిందా, పిన్ను దిశలో, దానికి అడ్డంగా వెర్నియరుతో నాలుగు కొలతలు తీయడం అక్కడ తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక అభ్యాసం. నాలుగూ ఒకటి కాకపోయేసరికి, ముందు వాళ్ళు వెర్నియరునే అనుమానిస్తారట.